మంత్రానికి వెల ఎవరు చెల్లించాలి?

కత్తి పట్టినవాడూ మంత్రం నేర్చినవాడూ ఒకే జట్టులో నడుస్తుంటే ఇద్దరి మధ్య న్యాయం ఎలా కుదరాలి? మన ఇతిహాసాలు ఈ ప్రశ్నను చాలాసార్లు తడిమాయి. ఈ కాలంలో దాన్ని పట్టుకుని వదలనివాళ్లు మాత్రం బల్ల చుట్టూ కూర్చుని కథ అల్లుకుంటూ ఆడే ఆటగాళ్లు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ తరహా ఆటలకు దారి పడింది. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు, తెగని చోట పాచిక వేస్తారు. మొదటి పుస్తకాల్లో పాత్రలు మూడు రకాలే: యోధుడు, మాంత్రికుడు, పూజారి. అప్పటినుంచీ ఒకటే పేచీ. ఆట మొదట్లో యోధుడే దిక్కు, మాంత్రికుడు ఒక్క దెబ్బకు పడిపోతాడు. 1978 నాటి నియమాల్లో యోధుడి ప్రాణబలానికి 10 ముఖాల పాచిక వేస్తే మాంత్రికుడికి 4 ముఖాలది వేసేవారు. పాత్రలు అనుభవంతో ఒక్కో మెట్టు (లెవెల్) ఎక్కేకొద్దీ ఈ లెక్క తిరగబడుతుంది. 2014 నాటి నియమాల్లో అయిదో మెట్టు దగ్గర యోధుడికి ఒక వేటు బదులు రెండు వేట్లు వస్తాయి. అదే మెట్టులో మాంత్రికుడు అగ్నిగోళం విసిరి 20 అడుగుల వ్యాసార్ధంలో ఉన్నవాళ్లందరినీ ఒకేసారి కాల్చగలడు. పదిహేడో మెట్టుకు వచ్చేసరికి యోధుడు ఇంకా కత్తే దూస్తుంటాడు, మాంత్రికుడు నోటితో కోరిక చెప్పి లోకం తీరునే మార్చగలుగుతాడు.

ఈ తేడాను సరిచేయడానికి ప్రతి బల్ల దగ్గరా సొంత కట్టుబాట్లు పుట్టాయి. ఆటగాళ్లు వాటిని హౌస్ రూల్స్ అంటారు. కొందరు యోధుడి కత్తికి అదనపు దెబ్బ కలుపుతారు, కొందరు మాంత్రికుడి పెద్ద మంత్రాలను తీసేస్తారు, కొందరు యోధుడికి మంత్రించిన ఖడ్గాలూ కవచాలూ ఎక్కువగా దొరికేలా కథ నడుపుతారు. పుస్తకం రాసేవాళ్లు కూడా ఒకసారి ఈ పనికి పూనుకున్నారు. 2008లో వచ్చిన నాలుగో కూర్పులో ఇద్దరికీ ఒకే చట్రం బిగించారు: ఎప్పుడైనా వాడుకోగలిగేవి కొన్ని, పోరుకు ఒకసారి వాడేవి కొన్ని, రోజుకు ఒకసారి వాడేవి కొన్ని. లెక్క సరిపోయింది. కానీ కత్తివేటు కూడా మంత్రంలాగే పొదుపు చేసుకుని వాడే సరుకు అయిపోయిందని, యోధుడికి తనదంటూ ఏమీ మిగల్లేదని చాలామంది ఆటగాళ్లు నొచ్చుకున్నారు. 2014 కూర్పులో ఆ చట్రాన్ని చాలావరకు విప్పేశారు. వాళ్ల నొప్పిలో నిజం ఉంది.

బలాన్ని బలంతో తూచబోతే ఈ తగవు తీరదు. యోధుడి పోరులోనే ఒక ఒప్పందం ఇమిడి ఉంది: నేను నిన్ను కొట్టగలిగేంత దగ్గరికి వచ్చానంటే నువ్వు నన్ను కొట్టగలిగేంత దగ్గరికి వచ్చినట్టే. అతని ప్రతి వేటుకీ వెల అక్కడికక్కడే, అతని ఒంటిమీదే పడుతుంది. మంత్రానికి ఆ కట్టు లేదు. దూరం నుంచి, చాటు నుంచి, ఎదుటివాడికి ఆనవాలు తెలియకుండా పనిచేయడంలోనే దాని గొప్పంతా ఉంది. అందుకే మంత్రాన్ని చూసినప్పుడు ముందుగా అడగవలసిన ప్రశ్న ఇది: దీనికి వెల ఎవరు చెల్లిస్తున్నారు? వాడినవాడే చెల్లిస్తే ఎంత పెద్ద మంత్రమైనా జట్టులో ఇముడుతుంది. పక్కవాడు చెల్లించాల్సి వస్తే చిన్న మంత్రం కూడా అన్యాయమే. ఈ కొలత నేను కొత్తగా కల్పించింది కాదు. మన కథలే, అందులోనూ ఏలూరు, కొల్లేరు చుట్టుపక్కల పుట్టి తిరిగిన కథలే, మంత్రాన్ని ఈ కొలతతో చూశాయి.

తెలుగువాళ్లకు మాంత్రికుడు అనగానే కళ్లముందు నిలిచే రూపం 1951 నాటి పాతాళభైరవిలో ఎస్.వి. రంగారావుది. ఆయన పుట్టింది నూజివీడులో, ఇప్పుడది ఏలూరు జిల్లాలోనే ఉంది. ఆ నేపాళ మాంత్రికుడి దగ్గర విద్య ఉంది, పట్టుదల ఉంది, శిష్యుడున్నాడు. అయినా దేవి ప్రతిమ చేతికి రావాలంటే ఒక సాహసిని బలి ఇవ్వాలి. అందుకోసమే తోటరాముడిని వెంటబెట్టుకుని వెళతాడు. వరం తనకు, ప్రాణం రాముడిది. చూసేవాళ్లకు అతను దుష్టుడని తెలిసిపోయేది అతని గడ్డం చూసి కాదు, ఈ లెక్క చూసి. సంగతి తెలుసుకున్న రాముడు ఆ మాంత్రికుడినే బలి ఇచ్చి ప్రతిమను అందుకుంటాడు. ప్రేక్షకుడికి అక్కడ కలిగే తృప్తి కండబలం మంత్రబలాన్ని ఓడించిందని కాదనుకుంటాను. వెల చెల్లించవలసినవాడే చెల్లించాడు, అదీ తృప్తి. ఆరేళ్ల తర్వాత, 1957లో, అదే రంగారావు మాయాబజార్‌లో ఘటోత్కచుడయ్యాడు. అక్కడి మాయ ఎవరి ప్రాణమూ తీయదు, పెళ్లివారిని ఆటపట్టించి ఊరుకుంటుంది. మనం హాయిగా నవ్వగలిగేది అందుకే. భారతంలోని ఘటోత్కచుడి మాయకు మాత్రం వెల ఉంది, దాని సంగతి తర్వాత వస్తుంది.

కొల్లేటికి ఇంతకంటే చాలా పాత కథ ఒకటి ఉంది. దండి దశకుమారచరితంలో మంత్రగుప్తుడు చెప్పే కథ. దాన్ని పదమూడో శతాబ్దంలో కేతన తెలుగులోకి తెచ్చాడు. కళింగ రాజకుమారి కనకలేఖను ఒక సిద్ధుడు తన సిద్ధి కోసం నరకబోతుంటే మంత్రగుప్తుడు ఆ సిద్ధుడి తలే నరుకుతాడు. పాతాళభైరవికీ దీనికీ పోలిక చెప్పనక్కర్లేదు. తర్వాత ఆంధ్రరాజు జయసింహుడు ఆ రాజకుమారిని చెరపడతాడు. ఆమెను ఒక యక్షుడు ఆవహించాడని పుకారు పుడుతుంది. మంత్రగుప్తుడు జటలు కట్టుకుని ఊరి దగ్గరి పెద్ద సరస్సు ఒడ్డున తపస్విలా కూర్చుంటాడు. ఆ సరస్సు మన కొల్లేరేనని చాలామంది పండితుల అభిప్రాయం. సరస్సులో మునిగి లేస్తే యక్షుణ్ణి గెలవగల కొత్త శరీరం వస్తుందని రాజును నమ్మిస్తాడు. ముందే గట్టులోపల ఒక బిలం తవ్వి పెట్టుకుంటాడు. రాజు సరస్సును వలలతో గాలించి శుభ్రం చేయిస్తాడు, చుట్టూ కాపలా పెట్టిస్తాడు, రాత్రివేళ నీళ్లలోకి దిగుతాడు. బిలంలోంచి వచ్చినవాడు నీటి అడుగునే రాజును పట్టి చంపి, కొత్త శరీరం వచ్చిన రాజుగా తానే ఒడ్డెక్కుతాడు. ఇందులో మంత్రమన్నదే లేదు. రాజును ముంచింది ఒక ఆశ: తపస్సు వేరొకడు చేస్తాడు, తాను ఊరికే ఒక మునక వేసి శక్తి తెచ్చుకుంటాడు. వెల లేని శక్తి ఇస్తానని ఎవరైనా అంటే ఆ వెల ఎక్కడో గట్టులోపల కాచుకుని ఉంటుందని ఈ కథ చెబుతోంది.

కొల్లేటి లంకల్లో చెప్పుకునే మూడో కథ మరీ బరువైనది. పెద్దింట్లమ్మ గుడి ఉన్న కొల్లేటికోటలో ఒకప్పుడు గజపతుల కోట ఉండేదని, శత్రుసేన చిగురుకోట దగ్గర దిగిందని, చుట్టూ నీరుండటం వల్ల కోట దక్కుతోందని గ్రహించి ఉప్పుటేరు వైపు కాలువ తవ్వి సరస్సును సముద్రంలోకి తీసేయాలని చూసిందని ఐతిహ్యం. అప్పుడు గజపతుల సేనాని దేవతలను మెప్పించడానికి తన సొంత కూతురిని బలి ఇచ్చాడట. అందుకే ఆ కాలువకు పేరంటాళ్ల కనుమ అన్న పేరు. ఇక్కడ దైవబలం కోరింది మాంత్రికుడు కాదు, కత్తి పట్టిన సేనాని. కత్తితో అయ్యే పని అయితే వెల అతని ఒంటిమీద పడేది. కత్తికి మించిన బలం కోరిన క్షణంలో వెల కూతురి మీదకు జరిగింది. ఊరు ఆ సేనాని పేరు గుర్తుపెట్టుకోలేదు, పేరంటాలిని గుర్తుపెట్టుకుంది. జనం జ్ఞాపకం కూడా ఒక తీర్పే. ఆ తీర్పు వెల చెల్లించిన మనిషి వైపు నిలబడింది.

మహాభారతం ఈ విషయాన్ని కథల స్థాయి దాటి ధర్మవిచారణగా మార్చింది. అందులోని దివ్యాస్త్రం కూడా మంత్రమే, విల్లు దానికి ఆధారం మాత్రమే. ప్రతి అస్త్రానికీ ఒక షరతు ఉంటుంది. అబద్ధం చెప్పి విద్య నేర్చిన కర్ణుడికి అవసరమైన ఘడియలో బ్రహ్మాస్త్రం గుర్తురాదు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ మాంత్రికుడు కూడా మంత్రం ప్రయోగించగానే దాన్ని మరిచిపోయేవాడు. ఆ ఊహను ఆట రూపకర్తలు జాక్ వాన్స్ 1950లో ప్రచురించిన ది డైయింగ్ ఎర్త్ కథల నుంచి తీసుకున్నారు. నారాయణాస్త్రం రెండోసారి పనిచేయదు, ఆయుధం కింద పెట్టినవాణ్ణి ముట్టుకోదు. కవచకుండలాలు కోసి ఇచ్చి కర్ణుడు తెచ్చుకున్న శక్తి ఒక్కసారికే. అర్జునుడి కోసం దాచుకున్న ఆ శక్తిని పద్నాలుగో రోజు రాత్రి ఘటోత్కచుడి మాయకు సేన నశిస్తుంటే అతని మీదే వాడి అతన్ని చంపక తప్పలేదు. ఇక్కడ కర్ణుడు తన చర్మంతో వెల కట్టాడు, అందుకే ఎంత భయంకరమైన ఆయుధమైనా దాని విషయంలో మనకు అతని మీద గౌరవం తగ్గదు. అశ్వత్థామ దీనికి పూర్తిగా ఎదురు. బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని అర్జునుడు వెనక్కి తీసుకోగలిగాడు, ఎందుకంటే దానికి కావలసిన వ్రతనిష్ఠ అతని దగ్గరుంది. అశ్వత్థామకు వదలడం తెలుసు, ఉపసంహరించడం చేతకాదు. ఆ లోటును పాండవ స్త్రీల గర్భాల మీదకు మళ్లించాడు. ఉత్తర కడుపులోని బిడ్డ చెల్లించవలసి వచ్చింది. భారతంలో అంత కఠినమైన శాపం అతనికి పడడం ఊరికే కాదు.

ఒక బలమైన ఆక్షేపణ ఇక్కడే వస్తుంది. రామాయణం బాలకాండలో విశ్వామిత్రుడు సేనలతో, అస్త్రాలతో వసిష్ఠుడి మీదకు వెళ్లి ఓడిపోయి, క్షాత్రం కన్నా బ్రహ్మతేజమే బలమని ఒప్పుకున్నాడు కదా, మంత్రం స్వభావరీత్యానే గొప్పదైతే యోధుడితో సమం చేయడమెందుకు అని అడగవచ్చు. మంత్రం గొప్పదన్న మాటను నేను కాదనను. అయితే ఆ ఘట్టంలో వసిష్ఠుడు ఏం చేశాడో చూడాలి. బ్రహ్మదండం నిలబెట్టి, తన మీదకు వచ్చిన అస్త్రాలను మింగాడు. తిరిగి అస్త్రం వేయలేదు, మునులు వేడుకోగానే శాంతించాడు. ఇక విశ్వామిత్రుడు సంపాదించిన తపస్సు ఏమైందో చూడాలి. త్రిశంకుడి కోసం కొంత, మేనకతో కొంత, రంభను శపించి కొంత ఖర్చయింది. వాల్మీకి ఆ తపస్సును వాడితే తరిగే ధనంగానే చూపాడు, తరిగిన ప్రతిసారీ మళ్లీ మొదటినుంచి కూర్చోవలసింది విశ్వామిత్రుడే. మంత్రం గొప్పదని ఒప్పుకున్న గ్రంథమే దాని వెలను వాడినవాడి ఖాతాలో అంత కచ్చితంగా రాసింది.

రెండో ఆక్షేపణ ఆటగాళ్లది. మొదటి మెట్లలో మాంత్రికుడు పడ్డ అగచాట్లే అతని తపస్సు, కాబట్టి చివరి మెట్లలో అతని ఆధిపత్యం న్యాయమే అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ ఆ అగచాట్ల రోజుల్లో అతన్ని బతికించింది ఎవరు? తలుపు దగ్గర నిలబడి దెబ్బలు కాచింది యోధుడు. తపస్సు కాలంలో వెల సగం యోధుడు మోసి, ఫలం వచ్చే వేళకు అతను పక్కకు తప్పుకోవాలంటే అది సహయాత్ర కాదు. వయసు మీరినవాళ్లు పడ్డ కష్టాలకు ప్రతిఫలంగా ఇప్పటివాళ్లను అణచవచ్చనే వాదన ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ వింటూనే ఉంటాం. అక్కడ చెల్లనిది బల్ల దగ్గరా చెల్లదు. ఆట ఆటే, దానికి ధర్మశాస్త్రమెందుకు అనేవాళ్లూ ఉన్నారు. నలుగురు మనుషులు గంటల తరబడి కూర్చుంటే అందులో ఒకరి మాటే సాగి మిగతా ముగ్గురు చూస్తూ ఉండిపోవడం ఆటలోనైనా నిజమైన నష్టమే, పోయేది నిజమైన మనుషుల సాయంత్రం.

అన్నిటికన్నా కష్టమైన ఆక్షేపణ కట్టుబాట్ల గురించే. భీష్మపర్వం మొదట్లో రెండు పక్షాలూ కూర్చుని నియమాలు పెట్టుకున్నాయి: రథికుడు రథికుడితో, ఏనుగు మీదివాడు ఏనుగు మీదివాడితో, కాల్బలం కాల్బలంతో పోరాడాలి. మాటలతో యుద్ధానికి దిగినవాడికి మాటలతోనే బదులివ్వాలి. హెచ్చరించకుండా కొట్టకూడదు. వెన్ను చూపినవాణ్ణీ ఆయుధం పోయినవాణ్ణీ కొట్టకూడదు. పద్దెనిమిది రోజులు పూర్తయ్యేసరికి వీటిలో ఎన్ని నిలిచాయి? మరి కట్టుబాటు వల్ల ఒరిగిందేమిటి? ఇందుకు రెండు సమాధానాలు. గదాయుద్ధానికీ కట్టుబాటు ఉంది కాబట్టే దుర్యోధనుడి తొడ మీద పడ్డ భీముడి గదాఘాతం నేరంగా కనిపించింది, బలరాముడు నాగలి ఎత్తాడు. నియమం లేకపోతే అది కూడా ఒక దెబ్బగా లెక్కలో కలిసిపోయేది. రెండోది ఇంకా ముఖ్యం. ఆ ఒడంబడిక రథాలూ ఏనుగులూ గుర్రాలూ కాల్బలం దాకా వచ్చి ఆగిపోయింది, దివ్యాస్త్రాల ఊసు అందులో లేదు. మంత్రం మీద కట్టు గురువుల దగ్గర, దేవతల దగ్గర ఉండిపోయింది గాని, రెండు పక్షాలూ కలిసి చేసుకున్న మాటలోకి రాలేదు. దాని ఫలితం ద్రోణపర్వంలో కనిపిస్తుంది. అస్త్రవిద్య తెలియని మామూలు సైనికులను ద్రోణుడు బ్రహ్మాస్త్రంతో కాల్చేశాడు. అది తప్పని చెప్పడానికి విశ్వామిత్రుడు, జమదగ్ని, తండ్రి భరద్వాజుడు మొదలైన ఋషులు దిగిరావలసి వచ్చింది. వాళ్లు పట్టుకున్నది సరిగ్గా మన విషయాన్నే: బదులివ్వలేనివాడి మీద మంత్రం వేశావు. అప్పటికి ద్రోణుడికి మిగిలిన సమయం ఎంతో లేదు.

కట్టుబాటు ఉంటే చాలదు, అది ఎవరి ఒప్పుదలతో పుట్టిందో కూడా చూడాలి. అర్జునుడికి సాటి ఎవరూ ఉండరని ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి ద్రోణుడు ఏకలవ్యుడి బొటనవేలు అడిగాడు. అది కూడా బలాబలాలు సర్దడమే, ఒక బల్ల దగ్గర పెద్ద చేసిన నియమమే. వేలు పోగొట్టుకునేవాడు ఆ నియమం పుట్టినప్పుడు అక్కడ లేడు. ఇదే లోటు మన పక్కనే చూడవచ్చు. కొల్లేటి చుట్టుపక్కల, కైకలూరు, భీమవరం వైపు, చట్టం కాదన్నా సంక్రాంతికి కోడిపందేల బరులు వెలుస్తాయి. అక్కడ జోడీ కుదర్చడంలో చూపే శ్రద్ధ అంతా ఇంతా కాదు. పుంజులను చేతుల్లోకి తీసుకుని బరువు చూస్తారు, పక్కపక్కన నిలబెట్టి ఎత్తు చూస్తారు, ఇద్దరు ఆసాములూ సరేనన్నాకే కాళ్లకు కత్తి కడతారు. బలానికి తోడు శాస్త్రం కూడా ఉంటుంది: ఏ నక్షత్రాన డేగ గెలుస్తుంది, ఏ వేళ నెమలి గెలుస్తుంది అని కుక్కుటశాస్త్రం తిరగేస్తారు. సమానత్వం కొలతకు వచ్చినంతవరకు లోపం లేదు. నెత్తురు మాత్రం ఆ ఒప్పందంలో నోరు లేనివాటిది. జోడీ సరిగ్గా కుదిరినంత మాత్రాన పోటీ న్యాయమైపోదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

తాడేపల్లిగూడెం నిట్ హాస్టల్లోనో ఏలూరులో ఒక డాబా మీదనో కొత్తగా ఈ ఆట మొదలుపెట్టేవాళ్లు ఇదంతా ఏ రూపంలో వాడుకోవాలి? యోధుడి కత్తికి అంకెలు అతికించడంతో మొదలుపెట్టవద్దు. మంత్రం వెల ఎక్కడ జారిపోతోందో వెతకండి. సాధారణంగా అది నిద్రలో జారిపోతుంది. 2014 నియమాల ప్రకారం 8 గంటల విశ్రాంతితో మాంత్రికుడికి మంత్రాలన్నీ తిరిగి వస్తాయి. కాబట్టి ఒకే పోరులో అన్నీ గుమ్మరించి, పడుకుందాం పదండి అంటాడు. రాత్రంతా కాపలా కాసేది, ఆలస్యం వల్ల చెరలో ఉన్నవాళ్లకు జరిగే చేటు భరించేది మిగతావాళ్లు. పుస్తకంలోనే ఐచ్ఛికంగా మరో నియమం ఉంది: ఆ పూర్తి విశ్రాంతికి 8 గంటల బదులు 7 రోజులు పట్టేలా చేయవచ్చు. ఈ ఒక్క మార్పుతో అగ్నిగోళం బలం ఇసుమంతైనా తగ్గదు, కానీ వేసేముందు మాంత్రికుడు ఆలోచిస్తాడు. అలాగే మనసులను వశం చేసుకునే మంత్రాలు, కోరికల మంత్రాలు వంటివాటికి ఫలితం తేడా వస్తే అది ఊళ్లో దారినపోయేవాడి మీద కాక వేసినవాడి మీదే పడాలని ముందే అనుకోవచ్చు. తోటి ఆటగాడి పాత్రను అతని ఒప్పుదల లేకుండా మంత్రంతో ఆడించకూడదన్నది మొదటి రోజే రాసుకోవలసిన మాట. యోధుడి చేతిలో కూడా కత్తితో పాటు ఒక పని ఉండాలి. ఎదుటివాణ్ణి పేరు పెట్టి పిలిచి నిలవేయగలగడం, తన వెనకున్నవాళ్ల మీదకు దెబ్బ రాకుండా తన మీదకు తిప్పుకోగలగడం వంటివి. అవి మంత్రాలకు నకళ్లు కావు, దగ్గరికి వెళ్లి నిలబడినవాడికే చెల్లే హక్కులు.

ఈ మాటలు ఎవరు ముందు ఎత్తాలి అన్నది చిన్న విషయం కాదు. యోధుడి పాత్ర తీసుకున్నవాడు ఎత్తితే ఫిర్యాదులా వినిపిస్తుంది, కథ నడిపేవాడు ఎత్తితే శాసనంలా ఉంటుంది. ఉద్యోగపర్వం చివర దీనికి చక్కని సన్నివేశం ఉంది. ఎదుటి సేనను ఎన్నాళ్లలో తుదముట్టించగలరని దుర్యోధనుడు తనవాళ్లను అడిగాడు. భీష్ముడూ ద్రోణుడూ నెల అన్నారు, కృపుడు రెండు నెలలన్నాడు, అశ్వత్థామ 10 రోజులు, కర్ణుడు 5 రోజులు అన్నారు. ఆ వార్త తెలిసి ధర్మరాజు అదే ప్రశ్న అర్జునుడిని అడిగాడు. శివుడిచ్చిన పాశుపతం తన దగ్గరుందని, రెప్పపాటులో పని అయిపోతుందని అర్జునుడు చెప్పాడు. ఆ వెంటనే, మామూలు జనాన్ని దివ్యాస్త్రాలతో చంపడం తగదని, నేరుగా పోరాడే గెలుస్తామని అన్నాడు. అల్పబలుడి మీద వేస్తే లోకమే కాలిపోతుందని ఆ అస్త్రం ఇస్తూ శివుడు హెచ్చరించిన సంగతి నిజమే. కానీ ఈ మాట అంటున్నప్పుడు అతని ముందు దేవుడు లేడు, అన్నదమ్ములూ మిత్రులూ ఉన్నారు, అడిగింది అన్న. అందరికన్నా పెద్ద మంత్రం చేతిలో ఉన్నవాడు యుద్ధానికి ముందే, తనవాళ్ల మధ్యనే, తన హద్దు తానే చెప్పుకున్నాడు. ఏ బల్ల దగ్గరైనా మాంత్రికుడి పాత్ర కోరుకునేవాళ్లు మొదటి సాయంత్రం, పాచిక చేతిలోకి తీసుకోకముందే, చేయవలసిన పని ఇదే.